ఈజిప్టువాళ్ళు వెళ్ళిపోయిన చలికాలం

ఆ ఏడు మా వీధిలోకి చలికన్నా ముందు ఫుట్‌బాల్ వచ్చింది. నవంబరు సగం కాకుండానే ఏ బాల్కనీ చూసినా ఆకుపచ్చా తెలుపూ జెండాలే. ప్రపంచ కప్పుకు వెళ్ళేది మేమా, ఈజిప్టువాళ్ళా అన్నది తేలాల్సి ఉంది. చేపల బజారులో, బస్సులో, చావింట్లో కూడా అదే మాట. మా ఇంట్లో మాత్రం ఆ మాట కాస్త గొంతు తగ్గించి అనుకునేవాళ్ళం. ఎందుకంటే ఇంట్లో ఇద్దరం ఈజిప్టు కంపెనీ ఉప్పు తింటున్నాం. పైగా మా కింద అంతస్తులో కాపురం ఉంటున్నదీ ఈజిప్టువాళ్ళే.

హుసేన్ దే పేటలో ఆ కంపెనీ సెల్‌ఫోన్ల దుకాణం ఒకటి నా చేతి కింద ఉండేది. నలుగురు ఆడపిల్లలు నా దగ్గర పనిచేసేవాళ్ళు. మా తమ్ముడు తౌఫీక్ ఎల్ హర్రాష్‌లోని కంపెనీ గోదాములో సామాను దించే పనిలో ఉన్నాడు. చదువు అయ్యాక నాలుగేళ్ళు ఖాళీగా తిరిగినవాణ్ణి పిలిచి పనిలో పెట్టింది కింది ఇంటి సబ్రీ గారే. ఆయన కంపెనీలో మా తూర్పు పేటలన్నిటికీ మేనేజరు. తౌఫీక్‌ది నేరుగా కంపెనీ కొలువు కాదు, మధ్యలో కూలీల కాంట్రాక్టరు ఒకడున్నాడు. అయినా కంపెనీ గుర్తున్న చొక్కా ఇచ్చారు. అమ్మ ఆ చొక్కా రోజూ ఇస్త్రీ చేసి ఇచ్చేది. వాడికి పిల్లను చూడడం కూడా మొదలుపెట్టింది.

మా దేశంలో ఒకళ్ళ గొంతులు ఒకళ్ళు కోసుకున్న పదేళ్ళు ముగిసీ ముగియకముందే వచ్చిన కంపెనీ అది. అప్పట్లో ఫ్రాన్సువాళ్ళు, జర్మనీవాళ్ళు దూరం నుంచి తొంగిచూసి తప్పుకునేవాళ్ళు. అంత ధైర్యం ఎక్కడిదని ఒకసారి సబ్రీ గారిని అడిగితే నవ్వారు.

"కైరోలో పుట్టినవాడికి ఇక్కడ కొత్తేముంది, ఘనియా? కరెంటు పోవడం కొత్తా, ఒక్క ముద్ర కోసం పది ఆఫీసులు తిరగడం కొత్తా, బాంబులు కొత్తా? పారిస్ వాడు జడిసే చోటే మాకు బేరం."

ఆ మాట నేను ఇంట్లో గొప్పగా చెప్పాను. నాన్న బట్టల మిల్లులో పనిచేసి, మిల్లు మూతబడ్డాక ఇంటిపట్టున ఉంటున్నవాడు. ఆలివ్ గింజ నోట్లోంచి తీసి పళ్ళెం అంచున పెడుతూ, బేరానికి వచ్చినవాడు బేరం చెడితే వెళ్తాడు, అది కూడా రాసి పెట్టుకో అన్నాడు. ఆయన మాటతీరే అంత అని మేం పట్టించుకోలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక మా ఇంట్లో గోధుమ రవ్వ కుస్కుస్. ఆ పళ్ళెం చుట్టూ కిందింటివాళ్ళకీ చోటుండేది. సబ్రీ గారి భార్య నగ్లా మధ్యాహ్నానికే పైకి వచ్చేసేది. ఆరో నెల. పొట్ట పట్టుకుని మా వంటింటి బల్ల మీద కూర్చుని శనగలు వలుస్తూ కబుర్లు చెప్పేది. అమ్మ చదువుకున్నది లేదు గానీ, చిన్నప్పటి నుంచి టీవీలో ఈజిప్టు సీరియళ్ళు చూసి చూసి వాళ్ళ మాట వాళ్ళకన్నా బాగా మాట్లాడేది.

"పిన్నీ, మీరు మాట్లాడుతుంటే మా అమ్మమ్మ కాలం సినిమాలో జమీందారు భార్య మాట్లాడినట్టుంటుంది," అనేది నగ్లా.

"ఏం చెయ్యను తల్లీ, నాకు పాఠం చెప్పింది ఆవిడే మరి," అనేది అమ్మ.

మ్యాచికి ముందు వారం, శుక్రవారం నాడు సబ్రీ గారు, తౌఫీక్ పందెం వేసుకున్నారు. ఓడితే మా జెండా తన బాల్కనీకి కడతానన్నారు ఆయన. జెండా ఇప్పుడే తెచ్చిస్తా, ముడతలు తీసి పెట్టుకోండి అన్నాడు మా వాడు. నాన్న కూడా నవ్వాడు. మా రెండిళ్ళవాళ్ళమూ కలిసి నవ్వింది అదే ఆఖరు.

తరువాతి గురువారం, ఆట కోసం కైరోలో దిగిన మా జట్టు బస్సు మీద రాళ్ళు పడ్డాయి. ఆటగాళ్ళ తలల నుంచి నెత్తురు కారడం టీవీలో చూపించారు, మళ్ళీ మళ్ళీ చూపించారు. ఆ సాయంత్రం నగ్లా పైకి వచ్చి గుమ్మంలోనే నిలబడి, అందరూ అలాంటివాళ్ళు కారు పిన్నీ అని ఏడ్చింది. అమ్మ లోపలికి రమ్మంది, కాఫీ ఇచ్చింది, టీవీ మాత్రం కట్టెయ్యలేదు. శనివారం ఓడిపోయాం. ఆట ముగిసే నిమిషంలో గోల్ పడింది. దాంతో రెండు జట్ల లెక్కా సమానమైందని, బుధవారం సూడాన్‌లో మళ్ళీ ఆడి తేల్చుకోవాలన్నారు. తెల్లారేసరికి, ఆట చూడ్డానికి వెళ్ళిన మా పిల్లల్ని కైరోలో చంపేశారని, శవపేటికలు విమానంలో వస్తున్నాయని ఊరంతా పుకారు. ఒక్క శవం రాలేదు. కానీ ఆ సంగతి తెలిసేసరికి చెయ్యాల్సినవన్నీ చేసేశారు.

ఆదివారం పదకొండు గంటలప్పుడు మా దుకాణం ముందు గుంపు చేరింది. అంతకుముందే సబ్రీ గారు ఫోన్ చేసి షట్టరు దించెయ్యమన్నారు. పిల్లల్ని కంపెనీ కోట్లు విప్పేసి వెనక తలుపు నుంచి వెళ్ళిపొమ్మన్నాను. సగం దించిన షట్టరు బయట నేను నిలబడ్డాను. ముందున్నవాడు మా పేట కుర్రాడే, రోజూ నా దగ్గరే రీచార్జి చేయించుకునేవాడు.

"ఏమక్కా, ఈజిప్టు ఫరోగారి కోడలివా?" అన్నాడు. వెనక వాళ్ళు నవ్వారు.

"ఇక్కడ ఈజిప్టువాడు ఒక్కడూ లేడు నాయనా. పనిచేసేవాళ్ళందరం మీ ఇళ్ళ ఆడపిల్లలమే."

"అయితే ఇంటికెళ్ళక్కా," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నా భుజం పట్టుకుని పక్కకు జరిపాడు కూడా, దెబ్బ తగలకుండా. తరువాత అద్దం పగిలింది.

ఎక్కువసేపు పట్టలేదు. ఫోన్ల పెట్టెలు ముందు పోయాయి, తరువాత కుర్చీలు, తరువాత గోడ గడియారం. అమ్మ వయసున్న ఒకావిడ కర్టెను గుడ్డ మడతపెట్టి చంకలో పెట్టుకుని, అద్దం పెంకులు తొక్కకుండా జాగ్రత్తగా అడుగులేస్తూ వెళ్ళింది. నేను ఎదురు వాకిట్లో కూర్చుని చూస్తున్నాను. అప్పుడు గోదాము లారీ డ్రైవరు షాబాన్ ఫోన్ చేశాడు. తౌఫీక్‌ని పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నామన్నాడు.

ఏం జరిగిందో షాబానే ఆసుపత్రి మెట్ల మీద చెప్పాడు. గుంపు వస్తున్నదని తెలియగానే కూలీలందరూ వెనక గోడ దూకేశారట. మా వాడు దూకలేదు. కంపెనీ చొక్కా మీద దేశం జట్టు జెర్సీ తొడుక్కుని ఇనుప గేటుకు అడ్డంగా నిలబడ్డాడట. నిన్న రాత్రి నేనూ ఏడ్చాను, మీరు బద్దలుకొట్టేది కైరో గోడ కాదు, మన అన్నం కుండ అని చెప్పాడట. కొందరు ఆగారట కూడా. వెనక నుంచి ఎవరో విసిరిన ఇనుప ముక్క కుడి కంట్లో దిగింది. వాడు పడిపోయాక ఆగినవాళ్ళు కూడా వాడి మీద నుంచే లోపలికి వెళ్ళారు.

సోమవారం పొద్దున్నే కైరోకి విమానం ఉందన్నారు, కంపెనీవాళ్ళందరూ పెళ్ళాం పిల్లలతో అందులో ఎక్కాలన్నారు. సబ్రీ గారి కారు బయటికి తీసే పరిస్థితి లేదు. అమ్మ రాత్రంతా ఆసుపత్రిలో కూర్చుని వచ్చింది. మొహం కూడా కడుక్కోకుండా కింది ఇంటికి వెళ్ళింది. నగ్లా తలకు తన తెల్ల ముసుగు కట్టింది, కాళ్ళకు తన చెప్పులు తొడిగింది.

"దారిలో ఎవరేమడిగినా నోరు తెరవకు. నువ్వు నోరు తెరిస్తే కైరో కనబడుతుంది. పురుటి బాధ అన్నట్టు మూలుగుతూ ఉండు," అని చెప్పింది.

షాబాన్ ఎవరిదో కారు తెస్తే, నాన్న అతని పక్కన ముందు సీట్లో కూర్చుని వాళ్ళను విమానాశ్రయానికి చేర్చాడు. దారిలో రెండుచోట్ల కుర్రాళ్ళు ఆపారట. ఆస్పత్రికి అని నాన్న చెబితే దారి ఇచ్చారట. వెళ్ళే ముందు సబ్రీ గారు మా మెట్ల మీద నిలబడి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"తౌఫీక్ విషయం నాకు వదిలెయ్యి ఘనియా. నేను తిరిగొస్తాను. వాడి బాధ్యత నాది."

ఆ మాట ఆయన మనసులోంచే అన్నారు. ఇప్పటికీ నేను అలాగే అనుకుంటాను.

బుధవారం సాయంత్రం నేను తౌఫీక్ మంచం పక్కన ఉన్నాను. వార్డులో అందరి చెవులూ ఒక్క చిన్న రేడియో మీదే ఉన్నాయి. కాలు విరిగినవాడు, కడుపు కోసినవాడు, అందరూ లేచి కూర్చున్నారు. ఉన్నట్టుండి ఆసుపత్రి కప్పు ఎగిరిపోయినంత కేక. నర్సులు నాలుక ఆడిస్తూ పెళ్ళిపాటలో పెట్టే కూతలు పెట్టారు. పక్క మంచం ముసలాయన సెలైన్ సీసాతో సహా లేచి గంతులేశాడు. బయట కార్ల హారన్లు, బాణసంచా. తౌఫీక్ కళ్ళకు రెండింటికీ కట్లున్నాయి. చేత్తో నా చెయ్యి వెతుక్కున్నాడు.

"ఎవరు కొట్టారక్కా?"

"తెలియదురా. గుంపులో ఎవరో," అన్నాను.

"గోల్ అక్కా," అన్నాడు.

నేను వెళ్ళి కనుక్కుని వచ్చాను. కొట్టింది ముందు ఆడేవాడు కాదట, వెనక కాపు కాసేవాడట అని చెప్పాను. వాడు నవ్వాడు. కట్టు కదిలి నొప్పి పెట్టినట్టుంది, మధ్యలో ఆపేశాడు. ఆ ఒక్క గోల్‌తోనే గెలిచాం, ఆ రాత్రి ఊరు నిద్రపోలేదు. మర్నాడు డాక్టరు ఎడమ కంటికి కట్టు విప్పి, కుడి కన్ను సంగతి మాకు వరండాలో చెప్పాడు.

బక్రీదుకు వాడిని ఇంటికి తెచ్చుకున్నాం. పండగ మాంసం ఇళ్ళకు పంచుకోవడం మా మెట్లదారిలో ఎప్పుడూ ఉన్నదే. ఈసారి కొన్ని తలుపులు మా పళ్ళెం అందుకున్నాయి గానీ తిరిగి పళ్ళెం పంపలేదు. మూడో అంతస్తు ఆవిడ మాత్రం స్వయంగా వచ్చింది, గొర్రె తొడ తెచ్చింది. తౌఫీక్‌ని చూసి కళ్ళు తుడుచుకుంది. పోతూ పోతూ, ఏమైనా దేశం కన్నా వాళ్ళ పెట్టెలు ఎక్కువయ్యాయా వదినా మీవాడికి అంది. ఆ తొడ ఆ పండక్కి మా పొయ్యి మీదకు ఎక్కలేదు.

తరువాత వానలు పట్టుకున్నాయి. దుకాణానికి అద్దం బదులు చెక్క పలకలు కొట్టించారు. ఆ చీకట్లో బల్బు వేసుకుని కూర్చునేవాళ్ళం. కంపెనీ మీద పన్నులవాళ్ళు పాత ఏళ్ళన్నీ తవ్వుతున్నారన్నారు. కొత్త ఫోన్లు, టవర్ల సామాను రేవులో ఆగిపోయాయన్నారు. న్యాయం ఎవరి వైపుందో నాకు తెలియదు. దుకాణంలో అమ్మడానికి ఏమీ లేదన్నది మాత్రం తెలుసు. కొనడానికి వచ్చేవాళ్ళ కన్నా, మీరు వెళ్ళిపోతున్నారట కదా అని అడగడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. నలుగురు పిల్లల్లో ఇద్దరిని డిసెంబరులోనే మానిపించారు. గోదాము ఖాళీ. కూలీల కాంట్రాక్టరు ఫోన్ నంబరు మార్చేశాడు.

తౌఫీక్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేవాడు. గ్లాసులో నీళ్ళు పోస్తే పక్కన పోసేవాడు, దూరం అందక. అమ్మ పిల్లను చూసిన ఇంటివాళ్ళు కబురు లేకుండా ఊరుకున్నారు. వాడు అవేవీ పట్టించుకోనట్టే ఉండేవాడు.

"సబ్రీ గారొస్తారక్కా. కైరోలో నా సంగతి చెప్పే ఉంటారు. నేను గేటు దగ్గర నిలబడ్డ విషయం వాళ్ళకు తెలియాలి కదా, అంతే," అనేవాడు. మంచి కంటి ఆసుపత్రికి పంపిస్తారని, గాజు కన్ను పెట్టిస్తారని, కూర్చుని చేసే పని ఏదైనా ఇస్తారని షాబాన్‌తో చెప్పేవాడు. అడిగినవాళ్ళకల్లా చెప్పేవాడు.

జనవరి ఆఖర్లో ఆయన వచ్చారు. ఒక్కరే వచ్చారు. మనిషి చిక్కిపోయారు. కింద ఇంట్లో సామాను సర్దుకుని, ఒక పెట్టె కట్టుకుని పైకి వచ్చారు. నగ్లాకు నెల ముందే పురుడు వచ్చిందని, ఆడపిల్ల అని చెప్పారు. అమ్మ సంతోషపడింది. పిల్లకు చిన్న వెండి చెయ్యి బొమ్మ ఒకటి, దిష్టి తగలకుండా, కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆయన తౌఫీక్‌ని కావలించుకుని చాలాసేపు వదల్లేదు. వాడి కళ్ళద్దాలు పక్కకు జరిగాయి. తీసి చూడమని వాడే అన్నాడు. ఆయన చూడలేకపోయారు.

అమ్మ కాఫీ తెస్తుండగా ఆయన ఫోన్ మోగింది. కైరో నుంచి, పైవాళ్ళు. ఆయన లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి, మాకు వీపు పెట్టి మాట్లాడారు. దుకాణాల లెక్క చెప్పారు, గోదాముల లెక్క చెప్పారు. అవతల ఏదో అడిగారు.

"లేదండీ. మనవాళ్ళకెవరికీ ఏమీ కాలేదు. నష్టమంతా సామాను వరకే," అన్నారు.

ఆయన అన్నది వాళ్ళ యాసలో, గొంతు తగ్గించి, గబగబా. కానీ మా ఇంట్లో ఆ యాస అర్థం కానివాళ్ళెవరు? అమ్మ గుమ్మంలో పళ్ళెం పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. తరువాత వచ్చి కప్పు ఆయన చోట్లో పెట్టి, ఆయనకిష్టమైనట్టు రెండు చెంచాల చక్కెర వేసి కలిపింది. నాన్న నేలకేసి చూస్తున్నాడు. తౌఫీక్ కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు.

ఆయన వెనక్కి వచ్చి కూర్చుని కాఫీ తాగారు. ఇలాంటి కాఫీ మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది పిన్నీ అన్నారు. మేం విన్నామని ఆయనకు తెలియదు. ఎప్పటికీ తెలిసి ఉండదు.

పెట్టె నేను దింపుతానని తౌఫీక్ లేచాడు. వద్దన్నా వినలేదు. భుజాన పెట్టుకుని, ఒక చెయ్యి గోడకు ఆనించి మెట్టు మెట్టూ వెతుక్కుంటూ దిగాడు. వాడి వెనక సబ్రీ గారు, ఆయన వెనక నేను. మధ్య అంతస్తులో ఆయన్ని ఆపి, వాడి సంగతి ఏం చేశారని అడిగాను.

ఆయన దాచలేదు. "రెండుసార్లు రాశాను ఘనియా. కంపెనీ మనిషి కాదు కదా, కాంట్రాక్టరుని అడగమన్నారు. ఇప్పుడు కంపెనీనే అమ్మేస్తామంటున్నారు, ఇంకెవరినని అడగను?"

"మీరుంటే మళ్ళీ అడుగుతారు కదా."

"నేనుండను. నన్ను ఇరాక్ వేస్తున్నారు," అన్నారు. రెండు మెట్లు దిగి, "అక్కడికింకా ఎవరూ వెళ్ళడం లేదు," అన్నారు. ఒకప్పుడు ఆ మాట ఆయన నోట గొప్పగా ఉండేది.

కింద టాక్సీలో పెట్టె పెట్టి తౌఫీక్ ఆయనకు చెయ్యి ఊపాడు. పైకి వచ్చాక ఎవరమూ ఆ ఫోన్ మాట ఎత్తలేదు. వాడే రాత్రి అన్నం దగ్గర, తప్పేముంది, నేను కాంట్రాక్టరు మనిషినే కదా అన్నాడు. ఆ తరువాత సబ్రీ గారి పేరు వాడి నోట మళ్ళీ రాలేదు. షాబాన్ వస్తే గది తలుపు వేసుకునేవాడు.

ఫిబ్రవరిలో కంపెనీని కొనడానికి దక్షిణాఫ్రికా నుంచి ఎవరో వస్తున్నారని, దుకాణం తుడిచి పెట్టమని కబురొచ్చింది. నలుగురు మనుషులు వచ్చారు, మంచి కోట్లు. మా మీద దయగానే ఉన్నారు. వాళ్ళలో ఒకాయన చెక్క పలకల మీద వేళ్ళతో కొట్టి చూసి, ఏమైంది ఇక్కడ అని దుబాసీ చేత అడిగించాడు. నేను జరిగింది చెప్పాను. ఆయన తల ఊపాడు. మా దగ్గరా ఇలాంటివి జరుగుతాయమ్మా, మాకు అలవాటే అన్నాడట. నా పక్కనున్న పిల్ల ఆ మాటకు ఆశపడింది. నేను పడలేదు. వాళ్ళు కొనలేదు. ధర కుదరలేదని కొందరు, సర్కారు ఒప్పుకోలేదని కొందరు అన్నారు. నెల తిరగకుండానే మా దుకాణం ఎత్తెయ్యమని కాగితం వచ్చింది. మిగిలిన ఇద్దరు పిల్లలూ నా మెడ పట్టుకుని ఏడ్చారు. షట్టరు దించి, తాళం చెవి కొట్టు యజమాని చేతిలో పెట్టి ఇంటిదారి పట్టాను. ఇంటికి వెళ్ళాక నాన్న ఏమంటాడోనని దారంతా అనుకున్నాను. ఆయన లేచి నా కోసం కుర్చీ ఖాళీ చేశాడు. తిట్టినా బాగుండేదేమో.

అంతకు ముందు దారిలో, వీధి మలుపు తిరిగినప్పుడు, తౌఫీక్‌ని చూశాను. ఆ మలుపులో పాత బడి ప్రహరీ ఉంది. పనిలేని మగపిల్లలంతా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దానికి వీపు ఆనించి నిలబడతారు. గోడ పట్టుకున్నవాళ్ళని వాళ్ళకు పేరు. ఆసుపత్రి నుంచి వచ్చాక తౌఫీక్ అటు వెళ్ళింది లేదు. ఆ రోజు వెళ్ళాడు. నేను చూస్తుండగానే నల్ల కళ్ళద్దాలతో మెల్లగా నడిచి వాళ్ళ దగ్గరకు చేరాడు. వాళ్ళలో ఆ ఆదివారం దుకాణం ముందు నా భుజం పట్టుకుని జరిపినవాడున్నాడు. గోదాము దగ్గర ఉన్నవాళ్ళూ ఉండే ఉంటారు. ఆ ఇనుప ముక్క విసిరింది ఎవరో తౌఫీక్‌కి తెలియదు. విసిరినవాడికైనా తెలుసో లేదో.

తరువాత ఒకడు జరిగాడు, వాడి పక్కవాడు జరిగాడు, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటయింది. తౌఫీక్ వెళ్ళి ఆ చోట్లో వీపు ఆనించాడు. ఎవరో సిగరెట్టు ఇచ్చారు, ఇంకెవరో వాడి చెయ్యి పట్టుకుని మంట దగ్గరకు తెచ్చారు.

నేను వాడి కుడి పక్క నుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా నడిచి వెళ్ళాను. వాడు నన్ను చూడలేదు.